మాబన్న ఫైబర్ కుందా

పోయిన గురువారం ఉదయం పదిన్నరకు నేను ఎమ్మిగనూరు బస్టాండు వెనుక సందులో, పగిలిన ఆటో బంపర్లు అతికే షాపు ముందు నిలబడి ఉన్నాను. షాపాయన రేకు డబ్బాలో రెజిన్ పోసి, గట్టిపడే మందు చుక్కలు లెక్కబెట్టుకుంటూ వేసి, పుల్లతో కలుపుతున్నాడు. ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందులో సగం మందు ఘాటు వల్ల. మిగిలిన సగం మాబన్న వల్ల. పందొమ్మిదేళ్ళ కిందట ఆదోనిలో తుపాకులు బాగుచేసే ఆయన అంగడి గడపలో నేను మొదటిసారి పీల్చింది ఈ వాసనే.

నా చేతిసంచిలో ఒక తుపాకి కుందా ఉంది. రైఫిల్‌లో ఇనుప భాగమంతా కూర్చునేది, భుజానికి ఆనేది కుందా. మామూలుగా కట్టెతో చేస్తారు. నాది ఫైబర్‌ది. బూడిద రంగు, వెనుక భాగం లోపలంతా బోలు. మా పొలం గట్టు పక్క మారెన్న పొలం. ఆయనకు చూపు తగ్గి, తుపాకి లైసెన్సు ఈ మధ్యే కోడలు శివమ్మ పేరుకు మారింది. వాళ్ళ రైఫిలూ, ఒకప్పటి మా రైఫిలూ ఒకే రకం. తేలికైన కుందా కదా, ఆడమనిషికి పనికొస్తుంది, ఎంత పొట్టిదైతే అంత మేలు, ఇంకాస్త కోయించి ఇద్దామని తెచ్చాను.

షాపాయన కుందాను అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర ఊపి, "ఎంత కోయాలమ్మా?" అన్నాడు.

"కొంచెం."

"కొంచెమంటే? ఏలెడా, బెత్తెడా? కొలత తెచ్చినావా?"

నేను ముప్పై రెండేళ్ళు నేత సొసైటీలో నూలు తూచిన గుమాస్తాను. ఇంట్లో ఉప్పు డబ్బా ఎన్ని రోజులకు ఖాళీ అవుతుందో కూడా రాసిపెట్టుకునేదాన్ని. అలాంటి నేను శివమ్మ చేయి కొలవకుండా కుందా కోయించడానికి వచ్చాను. ఆయన చేతిలోంచి దాన్ని తీసుకొని సంచిలో పెట్టుకున్నాను. "మళ్ళీ వస్తానప్పా" అని చెప్పి బస్సెక్కాను. దారి పొడుగునా మాబన్న నా పక్క సీట్లోనే కూర్చున్నట్టుంది. నన్ను తిట్టలేదు. ఎప్పుడూ తిట్టలేదు. అడిగేవాడు, అంతే.

మా ఇంటాయన చనిపోయిన ఏడాది నాకు యాభై రెండు. మూడెకరాల వేరుశనగ, ఆయన పేరు మీది పాత రైఫిలు నాకు మిగిలాయి. ఊరి వెనుక బండరాళ్ళ గుట్టల్లో అడవిపందులు ఉండేవి. అంతకుముందు పంటకు అవి ఎకరన్నర నేలను మూతులతో తవ్వి, కాయ కనపడకుండా తినిపోయాయి. అటవీశాఖ వాళ్ళు కాగితం ఇస్తే, ఆ కాగితంలో రాసిన పొలంలో, లైసెన్సున్న మనిషి కాల్చవచ్చు. లైసెన్సు వారసురాలిగా నాకు మారింది. తుపాకిని స్టేషన్‌లో అప్పజెప్పి ఊరుకోమని అందరూ చెప్పారు. మారెన్న అయితే గట్టు మీద నిలబడి, "సరోజమ్మా, పందిని కాలుస్తావా, తక్కెట్లో పెట్టి తూస్తావా?" అని నలుగురూ నవ్వేలా అన్నాడు. నాకు కోపం రాలేదు. అతని మాటలో నిజం ఉంది. మా ఆయన రైఫిలు భుజానికి ఎత్తితే నా వేలు మీటకు అందేది కాదు. పది లెక్కపెట్టేలోగా గొట్టం నేలకు దిగేది. అందుకే ఆదోని వెళ్ళాను.

పాత ఊరి సందులో, పత్తి మిల్లు గోడకు ఆనుకొని మాబన్న అంగడి ఉండేది. లైసెన్సు తుపాకులు బాగుచేసే ఒంటిగది. మిల్లులోంచి వచ్చే దూది నూనె పూసిన ఇనుము మీద వాలకుండా గుమ్మానికి ఎప్పుడూ తడిగుడ్డ వేలాడేది. ఆయనకు అప్పటికి డెబ్బై దాటాయి. కళ్ళజోడు కాడలకు దారం కట్టి మెడలో వేసుకునేవాడు. అక్రోటు కట్టెతో కుందాలు చెక్కడంలో పత్తికొండ దాకా ఆయన పేరు చెప్పుకునేవారు. ఆ వేళ మాత్రం ఎవరిదో పగిలిన ఫైబర్ కుందాకు రెజిన్ పట్టిస్తున్నాడు.

"ఇది అమ్మేదానికా, అప్పజెప్పేదానికా?" అన్నాడు రైఫిలు చూసి.

"నేనే పట్టుకోవాలని, అన్నా."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతులు తుడుచుకొని, "నీళ్ళ బిందె ఏ పక్క ఎత్తుకుంటావు సెల్లెమ్మా?" అన్నాడు.

తుపాకికీ బిందెకూ ఏం సంబంధమో అర్థం కాలేదు. ఎడమ పక్క అన్నాను. ఏ పక్కకు తిరిగి పడుకుంటావన్నాడు. చలికాలం తెల్లారిజామున పొలానికి పోతే పైన ఏం కప్పుకుంటావన్నాడు. గట్టు మీద కూర్చుంటావా, నిలబడతావా అన్నాడు. తుపాకి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చివరికి నా మోచేయి వంచమని, మోచేతి మడత నుంచి చూపుడువేలి మొదటి గీత దాకా ఒక దారం పట్టి, రెండు కొసలా ముడులు వేశాడు. ఆ దారాన్ని మా ఆయన కుందా పక్కన పెడితే కుందా రెండు వేళ్ళు పొడుగుంది.

"ఇన్ని దినాలూ మీ ఆయప్ప సొక్కా నువ్వు తొడుక్కోవాలని సూస్తాండావు" అన్నాడు.

ఆ రోజు ఆయన బల్ల మీద మూడు కుందాలు పెట్టాడు. ఒకటి ఆయన చెక్కిన అక్రోటు కట్టెది. రెండోది అచ్చులో పోసిన దళసరి ప్లాస్టిక్‌ది. మూడోది పలచటి ఫైబర్‌ది. నేను వెంటనే తక్కెడ అడిగాను. కట్టెది కిలో నూట ఎనభై గ్రాములు. ప్లాస్టిక్‌ది కిలో ఇరవై. ఫైబర్‌ది ఆరువందల నలభై. ఇనుప భాగం ఎటూ రెండు కిలోల ఆరువందల ఇరవై. నోటుబుక్కులో కూడికలు వేసి, "ఫైబర్‌దే" అన్నాను. మొత్తం మూడు కిలోల రెండువందల అరవై. కట్టె కంటే అయిదువందల నలభై తక్కువ. నాకది తేలిపోయిన లెక్క.

"ఉండు మే. తూకమొకటేనా?" అని నా చేతిలోని బస్సు టికెట్టు తీసుకున్నాడు. ఇనుప భాగాన్ని ఒక్కో కుందాలో బిగించి, గొట్టానికీ దాని కింద కుందాకూ మధ్య సందులోంచి ఆ కాగితాన్ని ముందు నుంచి వెనక్కి లాగాడు. మూడింటిలోనూ సాఫీగా వచ్చింది. ఆ తర్వాత కుందా ముందు భాగాన్ని ఒక రాయి మీద ఆనించి, పైనుంచి నన్ను నొక్కమన్నాడు. ప్లాస్టిక్‌దానిలో టికెట్టు ఇరుక్కుపోయింది. నేను నొక్కితే వంగి, గొట్టాన్ని తాకుతోందన్నమాట. తాకితే గుండు ఒక్కో వేళ ఒక్కో చోటికి పోతుందట. ప్లాస్టిక్‌ది అక్కడితో పక్కకు పోయింది. నాకు ఆశ్చర్యం వేసింది. తక్కెడ లేకుండా, ఒక చిరుగు కాగితంతో ఆయన ఒక నిజాన్ని బయటికి లాగాడు.

"కట్టెది బానే ఉండాది గదన్నా" అన్నాను.

"ఈ పొద్దు బానే ఉండాది. ఇది మే నెల" అన్నాడు.

ఒక అక్రోటు చెక్క, ఒక ఫైబర్ బద్ద ఒక్కొక్కటి సరిగ్గా రెండువందల యాభై గ్రాములకు కోసి నాకిచ్చాడు. కిటికీలో వేలాడదీసి, వారానికొకసారి తూచి రాయమన్నాడు. సొసైటీలో భోజనాల వేళ నూలు తక్కెడలో తూచేదాన్ని. తోటి గుమాస్తాలు కట్టెముక్కకు జీతమెంతని అడిగేవారు. నేను శనివారం శనివారం రాస్తూ పోయాను. శ్రావణంలో, ఉరుకుంద ఈరన్న స్వామికి పోయే జనంతో బస్సుల్లో కాలు పెట్టే చోటు లేని రోజుల్లో, కట్టె రెండువందల అరవై ఒకటి తూగింది. ఫైబర్ రెండువందల యాభై దగ్గర కదల్లేదు. సొసైటీలో చేరిన కొత్తలో నేను ఒక నేతగాడిని నూలు తడిపి తెచ్చాడని అందరి ముందూ అరిచాను. వానకాలం గాలికి నూలు బరువు దానికదే పెరుగుతుందని ఆనాడు నాకు తెలియదు. అదే తేమ కట్టెనూ ఉబ్బిస్తుందని, ఉబ్బిన కట్టె గొట్టాన్ని తాకుతుందని ఇప్పుడు నా అంకెలే నాకు చెప్పాయి. మాబన్న ముందే చెప్పి ఉంటే తలూపి మరిచిపోయేదాన్ని. పదమూడు శనివారాలు తూచాను కాబట్టి ఈనాటికీ మరవలేదు.

ఆ నోటుబుక్కు చూపించి, "అన్నా, నీకు కట్టె అంటే పానం గదా. మరి నాకు ఫైబర్‌ది తీసుకోమంటాండావే?" అని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి గుడ్డతో తుడుచుకున్నాడు. "కట్టె నా ఇష్టం సెల్లెమ్మా. బుజం నీది" అన్నాడు.

కుందా నా కొలతకు తగ్గించాడు. ఇనుము ఎక్కడెక్కడ తగులుతోందో చూడడానికి కాటుక పూసేవాడు. నల్లగా అంటినచోట మాత్రం ఆకురాయితో గీసేవాడు. కాటుక అయిపోతే నన్నే తెమ్మన్నాడు. బొట్టు లేని మనిషి కాటుక డబ్బా అడిగితే ఫ్యాన్సీ షాపామె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆఖరు రోజు కుందా పైఅంచుకు కాటుక రాసి, నన్ను కళ్ళు మూసుకొని రైఫిలు భుజానికెత్తి, తర్వాత కళ్ళు తెరవమన్నాడు. కన్ను గురికి సరిగ్గా ఎదురుగా ఉంది. చెంప ఎక్కడ ఆనిందో చూసి సరేనన్నాడు. ఆ చెంపను తుడుచుకోవడం ఇద్దరమూ మరిచాం. ఊళ్ళో బస్సు దిగితే మారెన్న ఎదురై, "ఈ వయసులో నీకెవరు మే దిష్టిసుక్క పెట్టినారు?" అన్నాడు. ఆ రోజు నేనూ నవ్వాను.

ఇక్కడ నా తప్పు రాయాలి. కుందా ఇచ్చే ముందు మాబన్న, "ఇది మరీ తేలికగా ఉండాది. ఎనక బోలులో కొంచెం బరువు పెడతాను" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. "గ్రాము కూడా వద్దన్నా." తూకంలో ఎక్కువ కనబడితే ఎవరో మోసం చేసినట్టే లెక్క, మా సొసైటీలో. ఆ అలవాటు నా నెత్తురులో ఉంది. ఆయన వాదించలేదు. "సరే. కాల్చి సూడు. అన్నీ రాసుకో" అన్నాడు.

పోలీసులు గురి నేర్చుకునే మైదానంలో అనుమతి తీసుకొని పదకొండు తూటాలు కాల్చాను. ఏ తూటా మధ్యచుక్కకు ఎన్ని వేళ్ళ దూరంలో తగిలిందో పదకొండూ రాశాను. మొదటి మూడూ ఒకే చోట. ఆ తర్వాతవి చెదిరాయి. గాలి అనుకున్నాను.

కార్తీకంలో, వేరుశనగ పీకడానికి పది రోజుల ముందు, అటవీశాఖ కాగితం చేతికొచ్చింది. తెల్లవారుతుండగా మారెన్నా నేనూ గట్టు మీద కూర్చున్నాం. వెలుతురు బాగా పరుచుకున్నాక ఒక పెద్ద పంది ఒంటరిగా సాళ్ళలోకి దిగింది. అరవై అడుగుల దూరం కూడా లేదు. మీట నొక్కాను. పంది వెనక్కాలు ఈడ్చుకుంటూ గుట్టవైపు పరుగెత్తింది.

"నడుముకు తగిలినాది" అన్నాడు మారెన్న. వేళాకోళం లేదు అతని గొంతులో. "ఇడిసిపెట్టగూడదు సరోజమ్మా. పద."

నెత్తుటి చుక్కలు చూసుకుంటూ బండల మధ్య నాలుగు గంటలు తిరిగాం. పదకొండున్నరకు తుమ్మపొద కింద దొరికింది. ఇంకా బతికే ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా మూతి ముందు దుమ్ము లేచేది. అది నన్ను చూసింది. రెండో తూటాతో ముగించాను. అటవీశాఖ వాళ్ళకు కబురు చేసి, వాళ్ళు వచ్చి రాసుకొని పోయేదాకా అక్కడే కూర్చున్నాను. పైరు నాదే. పంది నాశనం చేసిందీ నిజమే. అయినా ఆ నాలుగు గంటలు దానికి నేను పెట్టినవే.

మర్నాడు రైఫిలు తీసుకొని ఆదోని వెళ్ళి బల్ల మీద పెట్టాను. "ఇది నాకొద్దన్నా. స్టేషన్‌లో ఇచ్చేస్తా. కుందాలో ఏదో తప్పుండాది" అన్నాను.

జరిగిందంతా విన్నాడు. పంది మాట దగ్గర కళ్ళు దించుకున్నాడు. నోటుబుక్కు అడిగి తీసుకొని, పదకొండు అంకెలూ వేలితో తడుముతూ చదివాడు.

"ఎన్నో తూటా కాడ కండ్లు మూసినావు?"

మిల్లులో యంత్రం చప్పుడు వినబడుతోంది.

"నాలుగోదాని కాడ. పంది కాడా మూసినా" అన్నాను.

"బుజం నొచ్చినాదా?"

"మూడోదానికే కమిలిపోయినాది."

"ఇందులో రాయల్యా?"

రాయలేదు. తేలికైనదే మంచిదని నేను తేల్చిన లెక్క తప్పుతుందని రాయలేదు. గాలిని రాశాను, ఎండను రాశాను, నా భుజాన్ని మాత్రం వదిలేశాను. అది ఆయన అనలేదు. నోటుబుక్కు మూసి నా ముందు పెట్టాడు, అంతే. సొసైటీలో ఇరవై ఆరేళ్ళుగా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టినదాన్ని. అన్ని అంకెలూ సరిగ్గానే ఉండి కూడా లెక్క అబద్ధం కాగలదని ఆ పూట తెలిసింది.

నేనే అడిగాను. "తేలికదైతే ఎందుకన్నా అంతగా తన్నేది?"

ఆయన ముఖం వెలిగింది. ప్రశ్న వస్తే చాలు, ఆయనకు వయసు గుర్తుండేది కాదు. "తూటా ముందుకు పోతాది, తుపాకి ఎనక్కి వస్తాది. నువ్వు ఎద్దును నూకితే ఎంత కదులుతాది? దూడను నూకితే? తుపాకి దూడ మాదిరి ఉంటే ఆ ఎగురుడంతా నీ బుజమే మొయ్యాల. మోసేటప్పుడు తేలికని మురిసిపోతివి. కాల్చేటప్పుడు అదే బరువైపాయ."

రైఫిలును మీటకు కాస్త ముందు తాడు కట్టి దూలానికి వేలాడదీశాడు. గొట్టం వైపు కిందికి వాలింది. కుందా చివర ఒక చిన్న గుడ్డమూట కట్టి, అందులో ఒక తాళంకప్ప వేశాడు, రెండు మేకులు వేశాడు, ఒక ఉల్లిగడ్డ వేశాడు. తీశాడు, వేశాడు. రైఫిలు నేలకు సమంగా నిలబడింది. మూట విప్పి తూస్తే నూట తొంభై ఎనిమిది గ్రాములు.

సొసైటీకి ఎలక్ట్రానిక్ తూకం వచ్చినప్పుడు మూల పడేసిన పాత ఇత్తడి రాళ్ళలో ఒకటి నేను అడిగి తెచ్చుకున్నాను. రెండువందల గ్రాములది. మర్నాడు అది తీసుకుపోయాను. మాబన్న దాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకొని, "నీ రాయే నీ తప్పు సరిసేస్తాది సూడు" అన్నాడు. కదిలి చప్పుడు కాకుండా చుట్టూ దూది కూరి, కుందా బోలులో పెట్టి, వెనుక మూత బిగించి, రబ్బరు మెత్త వేశాడు. కుందాలో కోసేసింది పోను మొత్తం మూడు కిలోల నాలుగువందల ఇరవై, మెత్త కాకుండా. ఈసారి మైదానంలో పది తూటాలు కాల్చాను. ప్రతి తూటాకూ మూడు గడులు రాశాను. ఎక్కడ తగిలింది, భుజం ఎలా ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయా.

ఆ తర్వాత తొమ్మిది పంటకాలాలు ఆ రైఫిలు నా చేతిలో ఉంది. కాగితం వచ్చిన ఏడాదే ఎత్తాను. కాల్చినవి ఏడు. ఏడింటికీ ఒక్కొక్క తూటానే. అంతకంటే గర్వంగా చెప్పగలిగింది ఒకటుంది. భుజం బాగాలేదనో, వెలుతురు చాలదనో, చేతికొచ్చిన పందుల్లో కాల్చకుండా వదిలినవి పదకొండు. అవీ రాసి ఉన్నాయి. మారెన్న గట్టు మీద తిట్టుకునేవాడు గానీ, వాళ్ళ పొలానికి పందులు దిగితే ముందు నన్నే పిలిచేవాడు. మాబన్న నాలుగో పంటకాలం చివర పోయాడు. అంగడి గుమ్మానికి తడిగుడ్డ ఎండి గట్టిపడి ఉంటే చూసి వచ్చాను. నా మణికట్టు అదరడం మొదలైన ఏడాది, మా ఆయన కట్టె కుందానే తిరిగి బిగించి, రైఫిలు స్టేషన్‌లో అప్పజెప్పి రశీదు తీసుకున్నాను. ఫైబర్ కుందా అటక మీద ఉండిపోయింది.

గురువారం బస్సు దిగి నేరుగా మారెన్న ఇంటికి నడిచాను. శివమ్మ వసారాలో జొన్నలు చెరుగుతోంది.

"శివమ్మా, నీళ్ళ బిందె ఏ పక్క ఎత్తుకుంటావు?"

"బిందె ఏందత్తా? ట్యాంకు కాడి నుంచి నెత్తిన రెండు, సేతిలో ఒకటి తెస్తా" అంది. లోపల మంచం మీది నుంచి మారెన్న, "దాని బుజాలు సూడు సరోజమ్మా, నా కొడుకు కంటే గట్టివి" అన్నాడు.

మోచేయి వంచమని దారం పట్టాను. శివమ్మ నాకంటే జానెడు పొడుగు. రెండు ముడులూ వేసి వాళ్ళ మామ కట్టె కుందా పక్కన పెడితే దారం దానికి అచ్చుగా సరిపోయింది. నా కొలతకు ముందే రెండు వేళ్ళు తగ్గిన కుందాను ఇంకా కోయించుకొచ్చి ఇచ్చి ఉంటే, ఆ పిల్ల పొట్టి కుందాతో తంటాలు పడేది. పెద్దావిడ ఇచ్చింది కదా అని నోరెత్తేది కాదు. రెండు కుందాలూ చేతికిచ్చాను. ఒకటి ఎత్తింది, దించింది. రెండోది ఎత్తింది, దించింది. మళ్ళీ మొదటిది ఎత్తింది.

"నాకు కట్టెదే కుదిరినాది అత్తా."

"వానకాలం ఉబ్బుతాది మే. ఫైబర్‌ది తేలిక" అన్నాను. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"ఉబ్బితే ఏం సెయ్యాల్నో నువ్వు సెప్పు, సేస్తా. ఈ బరువు నాకు బాగుండాది. కదలకుండా కూసుంటాది."

ఇంకో మూడు కారణాలు నా నాలుక చివర ఉన్నాయి. అంకెలతో సహా. వాటిని మింగాను. ఫైబర్ నా ఇష్టం. భుజం ఆమెది.

నా పాత బస్సు టికెట్టు ఒకటి ఇచ్చి, గొట్టం కింద సందులో ఎలా లాగి చూడాలో నేర్పాను. నెలకొకసారి, వానల్లో వారానికొకసారి. ఇంటికొచ్చి ఫైబర్ కుందా వెనుక మూత విప్పి, దూదిలోంచి ఇత్తడి రాయి బయటికి తీశాను. రెండువందలన్న అంకె ఇంకా స్పష్టంగానే ఉంది. ఇది రాస్తున్నప్పుడు ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా దాన్నే పైన పెట్టుకున్నాను. పక్కన కొత్త నోటుబుక్కు ఉంది. మొదటి పేజీలో శివమ్మ పేరు, తేదీ, ముడి నుంచి ముడికి దారం పొడవు రాశాను. తగిలిన చోటు, భుజం, కళ్ళు అని మూడు గడులు గీశాను. ఆ మూడింటినీ ఖాళీగా వదిలి, రేపు నోటుబుక్కు ఆమెకు ఇస్తాను. అవి రాయవలసింది నేను కాదు.